ఆనపకాయా, అనపకాయా? విలీనంలో పేర్ల పంచాయితీ

పెళ్ళయిన కొత్తలో, హైదరాబాదులో పోస్టింగులో ఉండగా, మా ఆవిడ నన్ను రైతుబజారుకి పంపింది. "సంక్రాంతి దగ్గరకొచ్చింది కదా, అనపకాయలు వచ్చుంటాయి. ఒక కిలో తీసుకురండి, పితికిపప్పు చేస్తాను" అంది. నాది గోదావరి జిల్లా. నేను నిక్షేపంగా వెళ్ళి, బారెడు పొడవున్న లేత ఆనపకాయ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాను. "ఇది సొరకాయ కదండీ!" అని ఆవిడ. "ఆనపకాయంటే ఇదే" అని నేను. వాళ్ళ చిత్తూరు వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ. గింజలు నానబెట్టి, పొట్టు పితికి, ఆ పప్పుతో కూర చేస్తారు. ఒక్క దీర్ఘం తేడాతో మా ఇంట్లో ఆ పూట కూర మారిపోయింది.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. మా అమ్మ గోరుచిక్కుడు అంటుంది. మా ఆవిడ మటిక్కాయలు అంటుంది. పక్కింటి వరంగల్ ఆవిడ గోకరకాయ అంటుంది. ముగ్గురి మూకుడులోనూ వేగేది ఒకటే కాయ.

మన పత్రిక చదివే కుటుంబాల వాళ్ళకి ఈ కూరగాయల కథ ఎందుకంటే, మన బ్యాంకులో మరో బ్యాంకు కలిసినప్పుడు నేను నెలల తరబడి రాత్రి పదింటికి ఇల్లు చేరిన కారణం ఇదే కాబట్టి. "అసలు ఏం చేస్తున్నారు అక్కడ?" అని ఇంట్లో అడిగితే "స్కీమ్ కోడ్ల మ్యాపింగ్" అని చెప్పేవాణ్ణి. ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నం చేస్తాను.

కౌంటరు దగ్గర నిలబడినవాళ్ళకి కనిపించేది సేవింగ్స్ ఖాతా, ఫిక్సెడ్ డిపాజిట్, బంగారం మీద అప్పు. కంప్యూటరు లోపల మాత్రం వీటిలో ప్రతిదానికీ ఒక స్కీమ్ కోడ్ ఉంటుంది. కిరాణా కొట్టువాడికి సరుకుల పట్టీ ఎలాంటిదో మనకి ఈ కోడ్ల జాబితా అలాంటిది. దాన్నే స్కీముల మాస్టర్ అంటాం. ఒక ఖాతాని ఒక కోడ్ కింద తెరిచారంటే, ఆ క్షణం నుంచి ఎవరూ దగ్గరుండి చెప్పక్కర్లేదు: వడ్డీ ఎంత, ఎన్నాళ్ళకోసారి కట్టాలి, కనీస నిల్వ లేకపోతే ఛార్జీ వెయ్యాలా వద్దా, గడువుకి ముందే తీస్తే ఎంత కోత, ఏ లెడ్జరు పద్దులో చూపాలి, అన్నీ ఆ కోడే చూసుకుంటుంది. రాత్రిపూట సిబ్బంది అంతా నిద్రపోయాక సర్వరు ఒక్కో ఖాతానీ తీసి, దాని కోడ్ చూసి, పని కానిస్తుంది. కోడ్ తప్పయితే తప్పు పని కూడా అంతే శ్రద్ధగా చేస్తుంది.

ఇప్పుడు రెండు బ్యాంకులు కలిశాయనుకోండి. 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంకులో హైదరాబాదు స్టేట్ బ్యాంకు లాంటి అనుబంధ బ్యాంకులు కలిశాయి. 2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వ రంగ బ్యాంకులు నాలుగయ్యాయి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లో చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, గ్రామీణ వికాస్ అనే నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒక్క ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఆ రోజున దేశం మొత్తం మీద 43 గ్రామీణ బ్యాంకులు 28కి తగ్గాయి. పత్రికల్లో బోర్డులు మార్చిన ఫొటోలే పడతాయి. బోర్డు మార్చడం ఒక పూట పని. ఆ వెనకాల రెండు సరుకుల పట్టీలని ఒక్క పట్టీగా చెయ్యడమే అసలు పని. రెండు బ్యాంకులూ ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే సులువే కదా అని చాలామంది అనుకుంటారు. ఇద్దరి దగ్గరా ఒకే కంపెనీ ఫ్రిజ్ ఉన్నంత మాత్రాన లోపలి గిన్నెలు ఒకటవుతాయా?

నేను ఎంబీఏ చదివేటప్పుడు దీని గురించి ఒక్క పాఠం చెప్పారు. నెస్లే అమెరికా విభాగం 90ల చివర్లో తన ఫ్యాక్టరీల కంప్యూటర్లన్నీ కలపబోతే, ఒకే సరఫరాదారు దగ్గర ఒకే వెనిలాకి 29 రకాల ధరలు కడుతున్నట్టు బయటపడిందట. కారణం, ప్రతి ఫ్యాక్టరీ దాన్ని తనకి తోచిన పేరుతో, తన కోడ్‌తో రాసుకోవడం. ఎవరికీ అది ఒకే సరుకని తెలియలేదు. క్లాసులో అందరం నవ్వుకున్నాం. ఇరవయ్యేళ్ళ తర్వాత హెడ్డాఫీసులో రెండు బ్యాంకుల పట్టీలూ పక్కపక్కన పరిచి చూసినప్పుడు నవ్వు రాలేదు. వెనిలా అయితే పోయేది కంపెనీ డబ్బు. మా దగ్గర ఉన్నవి జనం దాచుకున్న డబ్బులు.

మొదటి వారం మేం చేసిన పొరపాటు పేర్లు చూసి జత కట్టడం. ఈ పక్క "జనరల్ సేవింగ్స్" ఉంది, ఆ పక్క "సేవింగ్స్ జనరల్" ఉంది, సరే, ఒకటే. అలా సగం పట్టీ రెండు రోజుల్లో అయిపోయింది. చాలా ముచ్చటపడ్డాం కూడా. తర్వాత మా టీములోకి, కలిసిన బ్యాంకు నుంచి ఒక సీనియర్ మేనేజరు గారు వచ్చారు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మా పట్టీ అంతా చదివి, "పేర్లు బాగానే కలిశాయండీ. ఈ ఖాతాలు ఎలా నడుస్తాయో ఒకసారి అడగకూడదా?" అన్నారు. ఆయన చెప్పినదాని ప్రకారం పేరు గడిని పట్టీలో చివరికి తోసేశాం. ఎవరు తెరవచ్చు, వడ్డీ లెక్క ఎలా, ఎప్పుడు చేతికొస్తుంది, ఏ ఛార్జీలు పడతాయి, గడువుకి ముందు తీస్తే ఏమిటి, గడువు తీరిన రోజున ఏమవుతుంది, ఇలా నడవడికకి సంబంధించిన గడులు ముందుకొచ్చాయి. జత కట్టినవాటిలో చాలావాటికి తెగతెంపులు చెయ్యాల్సి వచ్చింది.

ఒక ఉదాహరణ. బ్యాంకు ముఖం చూడని బీదలకి ఖాతాలు ఇవ్వడానికి 2005లో "నో ఫ్రిల్స్" అనే ఖాతాలు మొదలయ్యాయి. 2012లో రిజర్వు బ్యాంకు వాటిని ప్రాథమిక పొదుపు ఖాతాలుగా మార్చింది. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ వచ్చింది. మూడు కాలాలు, మూడు పేర్లు, ఆ బ్యాంకులో మూడు కోడ్లు. మూడింటికీ ప్రాణం లాంటి సంగతి ఒక్కటే: కనీస నిల్వ అక్కర్లేదు, లేదని ఛార్జీ వెయ్యకూడదు. నో ఫ్రిల్స్ కోడ్ పాతబడి మూల పడినట్టు కనిపించేసరికి, మా వాళ్ళలో ఒకరు దాన్ని మామూలు సేవింగ్స్‌లో కలిపేశారు. అసలు మార్పిడికి ముందు నకలు డేటా మీద మాక్ రన్ చేస్తాం, వంటకి ముందు ఉప్పు చూసినట్టు. ఆ రన్‌లో మూడు నెలల కాలాన్ని ముందుకి తిప్పితే, ఉపాధి హామీ కూలీ పడే ఖాతాల్లో కనీస నిల్వ లేదని ఛార్జీలు వరసగా పడటం కనిపించింది. అప్పటికి అది నకలే కాబట్టి ఎవరి డబ్బూ పోలేదు. తర్వాత మూడు కోడ్లనీ ఒక్కటి చేశాం. జన్‌ధన్ ఖాతాలకి మాత్రం విడిగా ఒక గుర్తు ఉంచాం, ఎందుకంటే వాటి రూపే కార్డుకి ప్రమాద బీమా ఉంది.

పేరు ఒకటే అయి లోపల వేరైనవి ఇంకా ప్రమాదం. బంగారు రుణాల్లో "బరువు" అనే గడి రెండు బ్యాంకుల్లోనూ ఉంది. ఒకచోట అది నగ మొత్తం బరువు. ఇంకొకచోట రాళ్ళూ లక్కా తీసేసిన నికర బరువు. గ్రాములు గ్రాముల్లాగే కనిపిస్తాయి, కళ్ళతో చూస్తే ఏ తేడా తెలియదు. అప్పు ఎంత ఇవ్వాలన్నది నికర బరువు మీద ఆధారపడుతుంది. ఎర్ర రాళ్ళ నెక్లెసు ఉన్న ఇంటివాళ్ళకి దీని సంగతి నేను వివరించక్కర్లేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టింది ఒక చుక్క. పంట రుణం స్కీములో భూమి విస్తీర్ణం గడి ఉంటుంది. ఏటా జిల్లా సాంకేతిక కమిటీ ఎకరానికి ఏ పంటకి ఎంత ఇవ్వవచ్చో చెబుతుంది. ఆ మొత్తాన్ని విస్తీర్ణంతో గుణిస్తే రైతుకి పరిమితి వస్తుంది. ఒక గడిలో 2.20 అని ఉంది. ఆంధ్రాలో చదివితే రెండెకరాల ఇరవై సెంట్లు. తెలంగాణలో చదివితే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి వంద సెంట్లు, కానీ నలభై గుంటలు. కాబట్టి మొదటిది 2.20 ఎకరాలే, రెండోది రెండున్నర ఎకరాలు. తేడా ముప్పై సెంట్లు, అంటే పన్నెండు గుంటలు. తెలంగాణ రైతు అంకెని ఆంధ్రా కళ్ళతో చదివిన కంప్యూటరు, మరుసటి ఏడు రెన్యువల్లో ఆ పన్నెండు గుంటలకి అప్పు ఇవ్వదు. రైతుకి ఎందుకు తగ్గిందో చెప్పే దిక్కు కూడా ఉండదు, ఎందుకంటే పట్టాదారు పుస్తకంలోనూ, మా స్క్రీన్ మీదా అవే అంకెలు కనిపిస్తాయి.

ఏ శాఖ గుంటల్లో రాసింది, ఏ శాఖ సెంట్లలో రాసింది అని ఫోన్లు చేసి అడిగితే, "ఎప్పటినుంచో ఉన్న పద్ధతేనండీ" అన్న సమాధానమే ఎక్కువ వచ్చింది. చివరికి మా టీములో అందరికంటే చిన్నమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. ఒక శాఖ ఖాతాలన్నిటిలో చుక్క తర్వాతి అంకె ఎప్పుడూ 39 దాటకపోతే అది గుంటల శాఖ. 45, 60, 75 కనిపిస్తే సెంట్ల శాఖ. వేల ఖాతాలున్న శాఖలో ఇది ఇట్టే తేలిపోయింది. సరిహద్దు మండలాల్లో, రెండు రకాలూ కలిసిన చోట మాత్రం ఒక్కొక్క ఫైలూ తీసి చూడక తప్పలేదు. అప్పటినుంచి స్కీముల మాస్టర్‌లో "కొలమానం" అని ఒక గడి తప్పనిసరి చేశాం. అంకె ఒక్కటే రాయనివ్వదు, దేనిలో కొలిచారో కూడా అడుగుతుంది.

ఇక ఎవరి కోడ్ ఉండాలి, ఎవరిది పోవాలి అన్న వాదన. ఇక్కడ మనుషులు వస్తారు. తాము పదేళ్ళు కష్టపడి జనంలోకి తీసుకెళ్ళిన డిపాజిట్ స్కీము పేరు తెల్లారేసరికి ఉండదంటే ఎవరికైనా కష్టమే. పెద్ద బ్యాంకు కోడే ఉండాలన్నది మొదట మా వాళ్ళ ధోరణి. నాకూ అదే న్యాయంగా తోచింది, ఒప్పుకుంటున్నాను. కొన్ని చోట్ల వాళ్ళ స్కీమే మెరుగ్గా ఉందని ఒప్పుకోవడానికి మాకు కొంత కాలం పట్టింది. కొన్నిటిని ఎటూ కలపలేకపోయాం. వాటిని కొత్త ఖాతాలకి మూసేసి, ఉన్న ఖాతాలు గడువు తీరే వరకు అలాగే నడవనిచ్చాం. ఒప్పుకున్న వడ్డీ ఒప్పుకున్నట్టే చెల్లించాలి కదా.

మన పెన్షనర్ల డిపాజిట్ల సంగతి మాత్రం చెప్పి తీరాలి. బ్యాంకులో పనిచేసినవాళ్ళకి డిపాజిట్ల మీద కాస్త అదనపు వడ్డీ ఉంటుందని మీకందరికీ తెలుసు. ఆ కోడ్లని మేం మూడుసార్లు సరిచూశాం. వాళ్ళ సంఘం వాళ్ళు విలీనానికి రెండు నెలల ముందే జాబితా పట్టుకుని వచ్చి మా గదిలో కూర్చున్నారు. వాళ్ళది ఒక్క ఖాతా కూడా తప్పిపోలేదు. ఈ మాట గర్వంగానే రాయడం మొదలుపెట్టాను. తర్వాత జరిగింది రాస్తుంటే అంత గర్వంగా లేదు.

విలీనం సాఫీగా అయిపోయింది. పాత ఖాతాలు, పాత వడ్డీలు, అన్నీ పైసలతో సహా సరిపోయాయి. మాకు పై నుంచి అభినందన లేఖలు కూడా వచ్చాయి. ఏడెనిమిది నెలల తర్వాత ఒక ఆదివారం ఊరి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది.

"ఏరా నాన్నా, మీ బ్యాంకు నాకు నెలకి నూట పాతిక తక్కువేస్తోందేంట్రా?"

నాన్నగారు పోయాక వచ్చిన డబ్బులో 3 లక్షలు అమ్మ పేరు మీద, మా ఊళ్ళో అప్పటికున్న ఆ రెండో బ్యాంకు శాఖలోనే వేశాం. నెలనెలా వడ్డీ వస్తుంది, అది ఆవిడ బీపీ మందులకి, పాలకి. "వడ్డీ రేట్లు తగ్గాయమ్మా, రెన్యువల్ అయినప్పుడు కొత్త రేటు పడుతుంది" అన్నాను, ఏమీ చూడకుండానే. శాఖలో కూడా అదే చెప్పారట.

"అది నాకూ తెలుసురా. పక్కింటి మాస్టారి డిపాజిట్టూ నాదీ ఒక్క వారంలోనే తిరగరాశారు. ఆయనదీ మూడు లక్షలే. ఆయనకి నాకంటే నూట పాతిక ఎక్కువ వస్తోంది. మాస్టారు నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఆయన ముసలాడైతే నేను కానా?"

3 లక్షల మీద అర శాతం, ఏడాదికి 1,500. పన్నెండుతో భాగిస్తే 125. అరవై దాటినవాళ్ళకి ఇచ్చే అదనపు అర శాతం అది. ఫోన్ పెట్టేసరికే నాకు చెమట పట్టింది. ఇంటివాళ్ళ ఖాతా నా లాగిన్‌తో నేనే తెరిచి చూడటం మంచి పద్ధతి కాదు కాబట్టి, సోమవారం శాఖ అధికారికి ఫోన్ చేసి, అమ్మ చేత అర్జీ పెట్టించి, వివరాలు తెప్పించాను.

జరిగింది ఇదీ. మన బ్యాంకులో వయోవృద్ధుల డిపాజిట్‌కి వేరే కోడ్ లేదు. మామూలు డిపాజిట్ కోడే. ఖాతాదారు పుట్టిన తేదీ చూసి, అరవై నిండితే కంప్యూటరే అర శాతం కలుపుతుంది. ఆ బ్యాంకులో అలా కాదు. వయోవృద్ధులకి విడిగా ఒక కోడ్ ఉండేది. మేనేజరు వయసు రుజువు కాగితం చూసి, ఆ కోడ్ కింద డిపాజిట్ తెరిచేవాడు. మేం కలిపేటప్పుడు "ఒకే పనికి రెండు కోడ్లెందుకు" అని వాళ్ళ కోడ్ తీసేసి మన మామూలు కోడ్‌లో కలిపాం. కాగితం మీద అది చాలా చక్కటి నిర్ణయం. నేనే సంతకం పెట్టాను. మాస్టారికి పెన్షన్ ఖాతా ఉంది కాబట్టి పుట్టిన తేదీ కంప్యూటరులో ఉంది. మా అమ్మ ఖాతా లెడ్జరు పుస్తకాల కాలంనాటిది. కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు పుట్టిన తేదీ గడి ఖాళీగా వదిలేశారు. ఆవిడ పెద్దావిడ అని ఆ కంప్యూటరుకి తెలియజెప్పే ఆనవాలు ఆ పాత కోడ్ ఒక్కటే. దాన్ని నేను తీసేశాను.

పాత గడువు నడిచినన్నాళ్ళూ ఒప్పుకున్న వడ్డీ ఖాతాతోపాటే వచ్చింది కాబట్టి ఏమీ కనిపించలేదు. విలీనం రోజున మేం చేసిన తనిఖీలన్నీ అందుకే నెగ్గాయి. రెన్యువల్ రోజున కంప్యూటరు కొత్తగా కోడ్ చూసింది, పుట్టిన తేదీ కోసం చూసింది, దొరకలేదు, మామూలు వడ్డీ వేసింది. మా పట్టీలో "గడువు తీరిన రోజున ఏమవుతుంది" అన్న గడి ఉంది. అందులో మేం "ఆటో రెన్యువల్" అని రెండు మాటలు రాసి ముందుకి పోయాం.

మా టీములో అప్పటికి నలుగురమే మిగిలాం, మిగతావాళ్ళు బదిలీల మీద వెళ్ళిపోయారు. ఆ సీనియర్ మేనేజరు గారు రిటైరయ్యారు. ఆయనకి ఫోన్ చేస్తే, "మా కోడ్లలో కొన్ని పట్టికలు కావండీ, జ్ఞాపకాలు. తీసేముందు దానికేం తెలుసో అడగాలి" అన్నారు. నొచ్చుకుని అన్న మాట కాదు, మామూలుగానే అన్నారు. నాకు మాత్రం బాగా తగిలింది.

అమ్మకి తక్కువ పడిన డబ్బు రెన్యువల్ తేదీ నుంచి లెక్కకట్టి శాఖ వాళ్ళు జమ చేశారు. ఆ సంగతి చెబుదామని ఫోన్ చేస్తే ఆవిడ సంతోషించింది గానీ, వెంటనే ఇంకో మాట అడిగింది. "మరి మన వీధి చివర సుబ్బాయమ్మ సంగతి? ఆవిడకి కొడుకు బ్యాంకులో లేడు కదా."

ఆ రోజే పాత వయోవృద్ధుల కోడ్ నుంచి వచ్చిన డిపాజిట్లలో, పుట్టిన తేదీ ఖాళీగా ఉన్నవన్నీ తీయించాం. జాబితా ఒక్క పేజీలో పట్టలేదు. ఎక్కువమంది పల్లెటూరి ఆడవాళ్ళే. వాళ్ళకి సంఘం లేదు, మా గదికి వచ్చి కూర్చునేవాళ్ళూ లేరు. చాలావాటికి గడువు ఇంకా తీరలేదు కాబట్టి డబ్బు తగ్గకముందే ఆపగలిగాం. రెన్యువల్ అయిపోయినవాటికి తేడా జమ చేయించాం. తేదీ రుజువు అందేదాకా, పాత కోడ్ నుంచి వచ్చిన ప్రతి ఖాతాకీ వయోవృద్ధుల గుర్తు ఉంచాలని మాస్టర్‌లో ఒక వరస చేర్చాం. తీసేసిన ప్రతి కోడ్ పక్కన, అది మోసిన సమాచారం ఇప్పుడు ఎక్కడుందో రాయాలని ఇంకో గడి పెట్టాం.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకి వేరే బ్యాంకుల నుంచి కలిసిన పాత డిపాజిట్లు ఉంటే, రెన్యువల్ రసీదు ఒకసారి తీసి చూడండి. వడ్డీ శాతం పక్కన వయోవృద్ధుల అదనం కలిసిందో లేదో, పుట్టిన తేదీ పడిందో లేదో చూస్తే చాలు. లేకపోతే ఆధార్ నకలు పట్టుకుని శాఖకి వెళ్ళండి. మా అమ్మ ఆ వారంలోనే సుబ్బాయమ్మ గారిని ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్ళింది. ఆవిడ ఆధార్‌లో తేదీ లేదు, పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉందట. ఆ సంవత్సరానికి జనవరి 1 వెయ్యవచ్చా, జూలై 1 వెయ్యాలా అని శాఖ నుంచి నాకు మెయిల్ వచ్చింది. ఎలాగూ ఆవిడకి డెబ్బై దాటాయి, ఏ తేదీ వేసినా అర శాతం వస్తుంది. కానీ రెండు శాఖలు రెండు రకాలుగా వెయ్యకూడదు కాబట్టి, ఆ మెయిల్ మీద ఇప్పుడు మేం మళ్ళీ కూర్చున్నాం.